సెటప్, సెటప్ (1), సెటప్ ఫైనల్: పేరు పక్కనపెట్టి హ్యాష్‌తో ఫైలును గుర్తుపట్టడం

గుంటూరు అరండల్‌పేటలో ఏ కంప్యూటర్ రిపేరు షాపుకు వెళ్లినా బల్ల సొరుగులో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఉంటుంది. అందులో ‘సాఫ్ట్‌వేర్స్’ అని ఒక ఫోల్డరు. తెరిస్తే ‘సెటప్’, ‘సెటప్ (1)’, ‘కొత్త ఫోల్డర్ (3)’, దాంట్లో మళ్లీ ఇంకో ‘సెటప్’. ఏది ప్రింటర్ డ్రైవరో, ఏది పాత జావానో, ఏది ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి దింపిపోయిందో, నింపినవాడికే గుర్తుండదు. మా షాపులోనూ అలాంటి డిస్కు ఒకటుంది, దాచుకోవడం ఎందుకు.

మొన్న వేసవిలో, మిర్చి యార్డుకు సెలవులిచ్చిన రోజుల్లో, చుట్టుగుంట దగ్గర కమీషన్ వ్యాపారం చేసే ఒకాయన 1 టీబీ డిస్కు తెచ్చి బల్లమీద పెట్టారు. వాళ్ల నాన్నగారి కాలం నుంచి ఉన్న గుమస్తా వయసు మీదపడి పని మానేశాడు. ఆ తర్వాత ఆఫీసు సిస్టమ్ పోయింది. గుమస్తా ఏళ్ల తరబడి కనిపించిందల్లా ఈ డిస్కులోకే కాపీ కొట్టి ఉంచాడు. లక్షల ఫైళ్లు. “ఏవండీ, ఇందులో మావేవో, ఊళ్లోవాళ్లవేవో తేల్చిపెట్టండి, చాలు” అన్నారాయన.

ఈ పనిని ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. ఇన్‌స్టాలర్లు, డీఎల్‌ఎల్‌లు, జార్ ఫైళ్లు, ఫాంట్లు, ఇలాంటివి ప్రపంచమంతా ఒకేలా ఉంటాయి. వాటిని గుర్తుపట్టి పక్కకు తీస్తే మిగిలినవి ఆయనవి. ఎలా తీశామో వరసగా చెబుతాను. కమాండ్లను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో, లినక్స్‌లో అయితే, పెద్దబడి (క్యాపిటల్) అని చెప్పిన చోట తప్ప, చిన్నబడిలో (స్మాల్ లెటర్లలో) కొట్టాలి.

ముద్ర ఒక్కటే చాలదు, రిజిస్టరు కావాలి

హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర అని అందరూ చెబుతారు. పోలిక తప్పేం కాదు. ఫైల్లోని ప్రతి బైటునూ చదివి, లెక్కకట్టి, ఒక నిర్ణీత పొడవున్న అంకె తీస్తారు. ఫైలు పేరు, తేదీ, ఏ ఫోల్డర్లో ఉంది అన్నవేవీ ఆ లెక్కలోకి రావు. అందుకే ‘సెటప్ (1)’కి ‘పెళ్లి ఫొటోలు’ అని పేరు మార్చినా హ్యాష్ మారదు. లోపల ఒక్క బిట్టు మారితే మాత్రం మొత్తం మారిపోతుంది.

అయితే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రిజిస్ట్రారు ఆఫీసులో కాగితం మీద ముద్ర ఉన్నంత మాత్రాన అది ఎవరిదో తెలియదు. అంతకుముందే ఆ ముద్ర, పక్కన పేరుతో సహా, ఎక్కడో ఎక్కి ఉండాలి. హ్యాష్ కూడా అంతే. లెక్కకట్టడం అరగంటలో నేర్చుకోవచ్చు. దాన్ని ఏ రిజిస్టర్లో వెతకాలి, ఆ రిజిస్టరు చెప్పేదాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నదే అసలు విద్య.

ముందుగా, డిస్కును కదపకండి

విండోస్‌కు తగిలించగానే యాంటీవైరస్ తనకు నచ్చని ఫైళ్లను లాక్కెళ్లి క్వారంటైన్‌లో వేస్తుంది. మీరు గుర్తుపట్టాల్సిన ఫైలు మీ కళ్లముందే మాయమవుతుంది. అందుకని లినక్స్ సిస్టమ్‌కు తగిలించి రీడ్-ఓన్లీగా, అంటే చదవడమే తప్ప రాయడం కుదరకుండా, మౌంట్ చేయండి. ఏ ఫైలుమీదా డబుల్ క్లిక్ వద్దు. గుర్తుపట్టడానికి చదివితే చాలు, నడపక్కర్లేదు.

సమయం ముందే చెప్పేయండి, లేకపోతే సాయంత్రానికల్లా ఫోన్లు మొదలవుతాయి. హ్యాష్ కట్టాలంటే ప్రతి బైటూ చదవాలి. సెకనుకు 100 ఎంబీ చదివే పాత యూఎస్‌బీ డిస్కు నిండా 1 టీబీ ఉంటే 10,000 సెకన్లు, అంటే దాదాపు రెండుంముప్పావు గంటలు. చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే దానికి రెండింతలైనా ఆశ్చర్యపోకండి.

హ్యాష్‌లు కట్టడం

లినక్స్‌లో ఒక ఫైలుకైతే షా256సమ్ అన్న కమాండు, పక్కన ఫైలు పేరు. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి గెట్-ఫైల్‌హ్యాష్ అని కొట్టి ఫైలు పేరిస్తే చాలు, చెప్పకపోయినా షా-256 అనే రకం హ్యాష్ ఇస్తుంది. విండోస్‌లోనే ఉండే సర్ట్‌యుటిల్ కమాండు వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. హైఫన్ హ్యాష్‌ఫైల్ అని ఫైలు పేరిచ్చాక చివర షా256 అని చెప్పకపోతే అది షా-1 ఇచ్చి ఊరుకుంటుంది. మ్యాక్‌లో షాసమ్, హైఫన్ ఎ, 256.

డిస్కు మొత్తానికి నేను వాడేది హ్యాష్‌డీప్. హైఫన్ ఆర్ ఇస్తే లోపలి ఫోల్డర్లన్నీ తిరిగొస్తుంది. హైఫన్ సి ఇచ్చి ఎండీ5, షా1, షా256 మూడు రకాల హ్యాష్‌లూ అడగండి. డిస్కును ఒకసారి చదివేటప్పుడే మూడూ కట్టేస్తుంది, పక్కన సైజు కూడా రాస్తుంది. మూడెందుకంటే ఒక్కో రిజిస్టరుది ఒక్కో అలవాటు. జావా వాళ్ల దగ్గర షా-1తో వెతకాలి, పాత జాబితాలు ఎండీ5లో ఉంటాయి, కొత్తవన్నీ షా-256. మళ్లీ మూడు గంటలు కూర్చునే ఓపికుంటే ఒకటే కట్టుకోండి.

ఎక్కడైనా హ్యాష్ కనిపిస్తే అది ఏ రకమో పొడవును బట్టే చెప్పొచ్చు. 32 అక్షరాలైతే ఎండీ5, 40 అయితే షా-1, 64 అయితే షా-256, 128 అయితే షా-512. అక్షరాలు 0 నుంచి 9, ఎ నుంచి ఎఫ్ వరకే, ఈ రాతనే హెక్స్ అంటారు. ఇదే పొడవులో వచ్చే వేరే రకాలూ ఉన్నాయి గానీ, సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల దగ్గర మీకు తగిలేవి ఎక్కువగా ఇవే. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు తెచ్చే ఎన్‌పీఎం రాసే లాక్ ఫైల్లో ‘షా512’ అని మొదలై 88 అక్షరాలు సాగి, చివర రెండు ఈక్వల్ గుర్తులతో ముగిసేది కూడా షా-512నే. దాన్ని బేస్64 అనే వేరే రాతలో రాశారంతే. వెతికేముందు హెక్స్‌లోకి మార్చుకోవాలి.

జాబితా రాగానే నేను ముందుగా చూసేది ఒక హ్యాష్ ఉంది. షా-256లో ఇ3బి0సి442తో మొదలై 7852బి855తో ముగిసేది. ఎండీ5లో అదే డి41డి8సిడి9తో మొదలవుతుంది. షా-1లో డిఎ39ఎ3ఇఇ. ఇది ఖాళీ ఫైలు హ్యాష్. సున్నా బైట్లున్న ఏ ఫైలుకైనా, ఏ దేశంలోనైనా ఇదే వస్తుంది. డౌన్‌లోడ్ మధ్యలో నెట్ పోయినప్పుడు మిగిలిన శవాలు ఇవి. మా కుర్రాడు ఒకసారి ఈ హ్యాష్‌ను నెట్‌లో వెతికి, వందలాది పేర్లతో కనిపించేసరికి “అన్నా, ఇదేదో పెద్ద వైరస్‌లా ఉంది, అన్ని పేర్లూ పెట్టుకుని తిరుగుతోంది” అని పరుగెత్తుకొచ్చాడు. పాపం, అది ఏమీ లేని ఫైలు.

తర్వాత జాబితాను హ్యాష్ వరసలో సార్ట్ చేయండి. ఒకే హ్యాష్ ఉన్నవన్నీ ఒకచోటికి చేరతాయి. గుమస్తాగారి డిస్కులో ఒకే పీడీఎఫ్ రీడర్ ఇన్‌స్టాలరు తొమ్మిది చోట్ల, తొమ్మిది పేర్లతో తేలింది. రిజిస్టర్లలో వెతకాల్సింది ఒక్కో హ్యాష్‌ను ఒక్కసారే కాబట్టి పని ఇక్కడే సగానికి దిగింది.

ఏ రిజిస్టరు దేనికి

అన్నిటికన్నా పెద్దది అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ నడిపే నేషనల్ సాఫ్ట్‌వేర్ రిఫరెన్స్ లైబ్రరీ, ఎన్‌ఎస్‌ఆర్‌ఎల్. సాఫ్ట్‌వేర్ సేకరించి, లోపలి ఫైళ్లన్నీ విప్పి, ఒక్కోదానికి హ్యాష్‌లు కట్టి జాబితా చేస్తారు. పోలీసుల ఫోరెన్సిక్ పనికి ఇది పనికొస్తుంది. నేరస్థుడి డిస్కులో విండోస్ ఫైళ్లను ఒక్కొక్కటీ తెరిచి చూసే తీరిక ఎవరికీ ఉండదు కదా, వాటిని జల్లెడ పట్టి తీసేస్తారు. జాబితా ఎస్‌క్యూలైట్ డేటాబేసుగా ఉచితంగా దొరుకుతుంది, మూడు నెలలకోసారి కొత్తది వస్తుంది. దింపుకోవడానికి డిస్కులో బోలెడు చోటు, మంచి ఫైబర్ కనెక్షను కావాలి.

దీని గురించి జనం పొరబడే మాట ఒకటుంది. ఎన్‌ఎస్‌ఆర్‌ఎల్‌లో ఉంటే మంచి ఫైలు అనుకుంటారు. వాళ్లు అలా అనరు. ‘తెలిసినది’ అంటారంతే. పాస్‌వర్డులు విరిచే టూళ్లు కూడా ఆ లైబ్రరీలో ఉంటాయి. అవీ సాఫ్ట్‌వేరే కదా.

అంత పెద్ద జాబితా దింపుకోలేనివాళ్లకు లక్సెంబర్గ్‌లోని సర్కిల్ అనే సైబర్ భద్రతా కేంద్రం హ్యాష్‌లుకప్ అన్న సేవ నడుపుతోంది. ఎండీ5, షా-1, షా-256 మూడింటిలో ఏదిచ్చినా సరే. ఎన్‌ఎస్‌ఆర్‌ఎల్‌తో పాటు లినక్స్ ప్యాకేజీల ఫైళ్లు కూడా అందులో ఉన్నాయి. తెలిస్తే ఫైలు పేరు, సైజు, ఏ ప్యాకేజీదో చెబుతుంది. తెలియకపోతే ‘లేదు’ అంటుంది. కస్టమరు ఫైళ్ల హ్యాష్‌లు బయటికి పంపడం ఇష్టంలేకపోతే వాళ్లే ఇచ్చే బ్లూమ్ ఫిల్టర్ (జాబితాను బాగా కుదించిన రూపం) దింపుకుని ఇంట్లోనే చూసుకోవచ్చు. బ్లూమ్ ఫిల్టర్ ‘లేదు’ అంటే కచ్చితంగా లేనట్టే. ‘ఉంది’ అంటే మాత్రం ఎప్పుడైనా పొరబడవచ్చు. కాబట్టి ఉన్నాయన్నవాటిలో ముఖ్యమైనవాటిని అసలు జాబితాలో ఇంకోసారి సరిచూడాలి.

డెబియన్, ఉబుంటు అనే లినక్స్‌ల ప్యాకేజీలైతే దారి ఇంకా శుభ్రంగా ఉంటుంది. ప్రతి డెబ్ ఫైలు షా-256 ‘ప్యాకేజెస్’ అన్న సూచికలో ఉంటుంది. ఆ సూచిక హ్యాష్ ‘రిలీజ్’ ఫైల్లో ఉంటుంది. రిలీజ్ ఫైలుమీద ఆ లినక్స్‌ను విడుదల చేసేవాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. ఒకదానికొకటి పూచీ పడుతూ పోయే గొలుసు అది. పాత వెర్షన్లకు డెబియన్ స్నాప్‌షాట్ అన్న భాండాగారం ఉంది, అది ఫైళ్లను షా-1 పేరుతో దాస్తుంది. ఇన్‌స్టాల్ అయిపోయిన సిస్టమ్‌లో ఏ ఫైలు మారిందో చూడాలంటే డెబియన్ వైపు డీపీకేజీ హైఫన్ పెద్దబడి వి, లేదా డెబ్‌సమ్స్. రెడ్‌హ్యాట్ వైపు ఆర్‌పీఎం హైఫన్ పెద్దబడి వి. ఆర్‌పీఎం ఇచ్చే వరసలో 5 అంకె కనబడితే ఆ ఫైలు హ్యాష్ మారిందని. పక్కన చిన్నబడి సి ఉంటే అది కాన్ఫిగరేషన్ ఫైలు, మారడం మామూలే.

పైథాన్ ప్యాకేజీలు దొరికే సైటు పైపీఐ ప్రతి ఫైలు పక్కనా షా-256 చూపిస్తుంది. సోర్స్ కోడ్ ఫైళ్లకు ఫ్రాన్స్‌లో ఇన్రియా 2016లో బయటపెట్టిన సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ ఉంది. అక్కడ ఒక మెలిక. అది, కోడ్‌లో మార్పుల లెక్క ఉంచే టూలు గిట్ పద్ధతిలో హ్యాష్ కడుతుంది. ఫైలుకు ముందు ‘బ్లాబ్’ అన్న మాట, ఒక ఖాళీ, సైజు, ఒక శూన్య బైటు చేర్చి షా-1 తీస్తుంది. అందుకే మామూలు షా-1లో డిఎ39ఎ3ఇఇ అని మొదలైన అదే ఖాళీ ఫైలు గిట్‌లో ఇ69డిఇ29బి అని మొదలవుతుంది. ఫైలు ఒకటే, ముద్ర వేసిన తీరు వేరు. గిట్ హ్యాష్-ఆబ్జెక్ట్ అని కొట్టి చూడండి, తెలుస్తుంది.

ఫైళ్లలో వైరస్ ఉందేమో చూసే సైటు వైరస్‌టోటల్ అందరికీ తెలిసిందే. దాని వెతుకుడు పెట్టెలో హ్యాష్ వేయండి, ఫైలును మాత్రం ఎక్కించకండి. ఎక్కించిన ఫైలు డబ్బు కట్టే చందాదారుల చేతికి వెళుతుంది. ఎవరి పట్టీ పుస్తకమో మనం ఊరికి పంచిపెట్టినట్టవుతుంది.

జార్ ఫైలు కథ

ఆ వ్యాపారిగారి బిల్లింగ్ సాఫ్ట్‌వేరు జావాలో రాసింది. రాసిచ్చినవాళ్లు ఎప్పుడో దుకాణం ఎత్తేశారు. దాని ‘లిబ్’ ఫోల్డర్లో ‘లాగ్’ అని మొండిపేరుతో ఒక జార్ ఉంది. వెర్షన్ అంకె లేదు, ఎవరిదో లేదు. జావా లైబ్రరీల భాండాగారం మేవెన్ సెంట్రల్, దాని వెతుకుడు సేవ షా-1తో వెతకనిస్తుంది. 1 అంకె, కోలన్, వెంటనే ఆ 40 అక్షరాలు. జవాబు వెంటనే వచ్చింది: లాగ్4జే కోర్ (ప్రోగ్రాము చేసే పనుల చిట్టా రాసే లైబ్రరీ), 2.14.1. 2021 డిసెంబరులో లోకాన్ని నిద్రపోనివ్వని లాగ్4షెల్ లోపం ఉన్న వెర్షనే. పేరు మార్చిన ఫైలు తన పేరూ వెర్షనూ తనే చెప్పినట్టయింది.

అదే ఫోల్డర్లో ఇంకో పెద్ద జార్ ఏ రిజిస్టర్లోనూ దొరకలేదు. జార్ అంటే జిప్పే. 7-జిప్‌తో తెరిస్తే లోపల పది లైబ్రరీలను విప్పి, కలిపి, ఒకే మూట కట్టారు. జావావాళ్లు దీన్ని ఫ్యాట్ జార్ అంటారు. మూట ఆ ఆఫీసువాళ్లు కట్టింది కాబట్టి మూట హ్యాష్ లోకానికి తెలియదు. లోపలి క్లాస్ ఫైళ్లకు విడివిడిగా హ్యాష్ కట్టి, తెలిసిన జార్‌లను విప్పి కట్టిన హ్యాష్‌లతో పోలిస్తే చాలావరకు కలిశాయి. అందుకే బయటి హ్యాష్ దొరకలేదని ఎప్పుడూ ఆగిపోకండి. జిప్, జార్, డెబ్, ఎంఎస్‌ఐ, ఐఎస్‌ఓ, ఏది విప్పగలిగితే అది విప్పి లోపలికి వెళ్లండి.

ఒక్కటీ కలవకపోతే

మా కుర్రాడు మొదటిసారి మొత్తం జాబితాను ఎన్‌ఎస్‌ఆర్‌ఎల్ డేటాబేసుతో కలిపి చూశాడు. లక్షల ఫైళ్లలో ఒక్కటి కూడా కలవలేదు. “అన్నా, విండోస్ నోట్‌ప్యాడ్ కూడా తెలియదంటోంది, ఇదేం లైబ్రరీ?” అన్నాడు. నేనూ పది నిమిషాలు తల గోక్కున్నాను. తర్వాత రెండు వరసలు పక్కపక్కన పెట్టి చూస్తే నవ్వొచ్చింది. హ్యాష్‌డీప్ అక్షరాలను చిన్నబడిలో రాస్తుంది. ఎన్‌ఎస్‌ఆర్‌ఎల్ పెద్దబడిలో రాస్తుంది. మనకు రెండూ ఒకటే, ఎస్‌క్యూలైట్‌కు కాదు. హ్యాష్ గడిని మాత్రం పెద్దబడిలోకి మార్చగానే కుప్పలు కుప్పలుగా కలిశాయి. పవర్‌షెల్ కూడా పెద్దబడిలోనే ఇస్తుంది, గుర్తుంచుకోండి. విండోస్ 7 నాటి సర్ట్‌యుటిల్ అయితే రెండేసి అక్షరాల మధ్య ఖాళీలు కూడా పెట్టేది.

పవర్‌షెల్ పాత వెర్షన్‌లో బాణం గుర్తుతో జాబితాను ఫైల్లోకి పంపితే అది యూటీఎఫ్-16 అనే వేరే ఎన్‌కోడింగ్‌లో రాస్తుంది, లినక్స్‌లో తెరిస్తే చెత్తలా కనిపిస్తుంది. విండోస్‌లో ఎడిట్ చేసిన జాబితాను పాత షా256సమ్ హైఫన్ సితో సరిచూస్తే ప్రతి ఫైలుకూ ‘అలాంటి ఫైలు లేదు’ అంటుంది. ప్రతి లైను చివరా కంటికి కనిపించని ఒక అక్షరం అదనంగా చేరడమే కారణం. దాన్ని తీసేయడానికి డాస్2యూనిక్స్ కొట్టండి.

ఇవన్నీ సరిచేశాక కూడా కొన్ని కలవవు. కలవనంత మాత్రాన చెడ్డ ఫైలని కాదు. నేను చూసిన కారణాలు చెబుతాను.

లోపలి సరుకు ఒకటే అయినా మూట మళ్లీ కడితే హ్యాష్ మారుతుంది. ఫైళ్లను కుదించే జీజిప్ తన తలకట్టులో తేదీ రాసుకుంటుంది. ఇవాళ కట్టిన మూట, రేపు కట్టిన మూట ఒకటి కావు. 2023 జనవరి 30న, సోర్స్ కోడ్ దాచిపెట్టే సైటు గిట్‌హబ్ వాళ్లు తమ సర్వర్లలో గిట్ మార్చారు, జీజిప్ చేసే తీరు మారింది. అప్పటికప్పుడు తయారయ్యే సోర్స్ మూటల హ్యాష్‌లన్నీ మారి, ప్రపంచమంతా బిల్డులు, అంటే కోడ్ నుంచి సాఫ్ట్‌వేర్ తయారుచేసే పనులు, ఆగిపోయాయి. లోపల కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. తిట్లు భరించలేక ఆ మార్పును వెంటనే వెనక్కి తీసుకున్నారు. అందుకని వెర్షన్ విడుదల చేసినప్పుడు ఎక్కించిన అసలు ఫైలు హ్యాష్‌నే రిజిస్టర్లో రాసుకోవాలి.

విండోస్ ఈఎక్స్‌ఈల సంగతి వేరు. వాటి డిజిటల్ సంతకం ఫైలు లోపలే ఉంటుంది. అదే ప్రోగ్రామును మళ్లీ సంతకం చేస్తే షా-256 మారిపోతుంది. సంతకం భాగాన్ని వదిలేసి కట్టే హ్యాష్ ఒకటుంది, ఆథెంటికోడ్ హ్యాష్. వైరస్‌టోటల్ దాన్ని ఆథెంటిహ్యాష్ పేరుతో చూపిస్తుంది. హ్యాష్ దొరకని ఈఎక్స్‌ఈ చేతిలో ఉంటే గెట్-ఆథెంటికోడ్‌సిగ్నేచర్ కొట్టి ఎవరి సంతకమో, చెల్లుతుందో లేదో చూడండి. గుర్తుపట్టడానికి అది ఇంకో దారి.

చెరిగిపోయిన డిస్కు నుంచి ఫోటోరెక్ లాంటి టూలుతో తీసిన ఫైళ్లకు పేర్లు ఉండవు, కొన్నిటికి చివర అదనపు బైట్లు అంటుకుని వస్తాయి. అలాంటి ఫైలు అసలుదే అయినా హ్యాష్ కలవదు. సైజు తెలిసిన ఫైలైతే అంతవరకే కత్తిరించి మళ్లీ కట్టి చూడవచ్చు. దాదాపు ఒకేలా ఉన్న ఫైళ్లను పట్టాలంటే ఎస్‌ఎస్‌డీప్, టీఎల్‌ఎస్‌హెచ్ అని పోలిక చూసే హ్యాష్‌లు వేరే ఉన్నాయి. అవి ‘ఇలాంటిదే’ అని చెబుతాయి, ‘ఇదే’ అని చెప్పవు.

కలిసింది సరే, నమ్మొచ్చా?

2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైటులోకి ఎవరో చొరబడి 17.3 సినమన్ ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ డిస్కు మొత్తం ఒకే ఫైలుగా) లింకును తమ దొంగ ఐఎస్‌ఓ వైపు తిప్పారు. ఆలోచించండి. ఫైలు ఇచ్చే పేజీలోనే హ్యాష్ కూడా ఉంటే, పేజీ దొంగ చేతిలో ఉన్నప్పుడు హ్యాష్ కూడా వాడి చేతిలోనే ఉంటుంది. తాళంచెవి తలుపుకే వేలాడదీసినట్టు. ఉబుంటు వాళ్లు హ్యాష్‌ల జాబితాతో పాటు దాని మీద జీపీజీ టూలుతో చేసిన డిజిటల్ సంతకం ఉన్న ఇంకో ఫైలు ఇచ్చేది ఇందుకే. జాబితా సంతకాన్ని ముందు సరిచూడండి, ఆ తర్వాతే ఫైలు హ్యాష్.

సంతకం సరిపోయినా కథ అయిపోదు. 2024 మార్చి 29న బయటపడ్డ, ఫైళ్లను కుదించే టూలు ఎక్స్‌జెడ్ వ్యవహారం తీసుకోండి. 5.6.0, 5.6.1 వెర్షన్ల మూటల్లో దొంగదారి పెట్టింది ఆ ప్రాజెక్టు నిర్వాహకుల్లో ఒకరే. మూట అధికారికం, సంతకం అధికారికం, హ్యాష్ అక్షరం తప్పకుండా కలుస్తుంది. గిట్‌లో ఉన్న సోర్సులో లేని ఒక బిల్డ్ స్క్రిప్టు ఆ మూటలో ఉంది. 2017లో విండోస్‌లో చెత్త ఊడ్చే సీక్లీనర్ 5.33 కూడా అంతే, కంపెనీ సంతకంతోనే వైరస్ పంచింది. హ్యాష్ కలిసిందంటే ‘ఇది ఫలానా ఫైలు’ అని తేలిందంతే. ఆ ఫలానా ఫైలు మంచిదా కాదా అన్నది పేరు, వెర్షన్ తెలిశాక లోపాల జాబితాల్లో చూసుకోవాల్సిన వేరే పని. మా లాగ్4జే జార్‌ది అదే సంగతి. అది నికార్సయిన అసలు ఫైలే. మేం తీసేయమన్నదీ అందుకే.

ఎండీ5, షా-1 వాడొచ్చా అని అడుగుతారు. ఎండీ5కు 2004లోనే ఢీకొట్టే జంటలు, అంటే హ్యాష్ ఒకటే వచ్చే వేరువేరు ఫైళ్లు, చూపించారు. షా-1కు 2017 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ, గూగుల్ కలిసి ఒకే హ్యాష్ ఉన్న రెండు వేరువేరు పీడీఎఫ్‌లు తయారుచేసి చూపించారు. అంటే ఒక మోసగాడు తానే కూర్చుని, మంచిదొకటి చెడ్డదొకటి, జంటగా తయారుచేయగలడు. ఎవరో నిజాయితీగా చేసిన పాత ఫైలుకు ఇప్పుడు కొత్తగా కవల పుట్టించడం మాత్రం ఈ రెండింటిలోనూ ఇంతవరకు ఎవరికీ చేతకాలేదు. నా పద్ధతి చెబుతాను. పేరు కనుక్కోవడానికి ఎండీ5, షా-1 వాడతాను, ఇన్‌స్టాల్ చేసేముందు మాత్రం షా-256 చూడకుండా ముందుకు పోను.

సొంత రిజిస్టరు

మన ఊళ్లో షాపులకు వచ్చే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు, తూకం మెషీన్ల డ్రైవర్లు ఏ అమెరికా లైబ్రరీలోనూ ఉంటాయని ఆశపడొద్దు. వాటికి మన రిజిస్టరే దిక్కు. మేం ఒక మామూలు టెక్స్ట్ ఫైలు పెట్టుకున్నాం. లైనుకు ఒక ఫైలు: షా-256 చిన్నబడిలో, సైజు బైట్లలో, సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, ఎక్కడ నుంచి దింపాం, ఏ తేదీన. ‘ఎక్కడ నుంచి’ అన్న గడి ఖాళీగా ఉంటే ఆ లైను పనికిరాదు. ‘ఫలానా షాపు కుర్రాడు ఇచ్చాడు’ అని రాసుకున్నా సరే, అది కూడా సమాచారమే. ఒకసారి అలా వచ్చిన ప్రింటర్ డ్రైవరు మా రిజిస్టర్లో ఉన్నదానితో పేరులోనూ సైజులోనూ కలిసింది, హ్యాష్‌లో కలవలేదు. కాపీ అయ్యేటప్పుడు పాడైందో, ఎవరైనా చేయి పెట్టారో తేల్చే ఓపిక మాకు లేదు. తీసి అవతల పారేసి, తయారీదారు సైటు నుంచి కొత్తది దింపుకున్నాం.

గుమస్తాగారి డిస్కుకు తిరిగొస్తే, రిజిస్టర్లన్నీ దాటాక మిగిలిన జాబితా రెండు పేజీల్లో పట్టింది. చాలావరకు ఎక్సెల్ షీట్లు, స్కాన్ చేసిన పట్టీలు, బ్యాంకు కాగితాలు. వాటి మధ్యలో ‘సెటప్ ఫైనల్’ అని ఒక ఈఎక్స్‌ఈ. 400 ఎంబీ పైనే. ఎన్‌ఎస్‌ఆర్‌ఎల్‌కు తెలియదు, హ్యాష్‌లుకప్‌కు తెలియదు, వైరస్‌టోటల్‌కు తెలియదు, సంతకం లేదు. నాకు కాస్త గుబులు పుట్టింది. మొదటి బైట్లు హెక్స్‌లో చూశాను. విండోస్ ప్రోగ్రామైతే 4డి 5ఎ అని ఉండాలి. ఇక్కడ 50 4బి ఉంది. అంటే అది ఈఎక్స్‌ఈ కాదు, జిప్. పేరు చివర ఎవరో మార్చారు. 7-జిప్‌తో విప్పబోతే పాస్‌వర్డ్ అడిగింది.

వ్యాపారిగారు అక్కడే, మా షాపులో స్టూలుమీద కూర్చుని గుమస్తాకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. అవతల నుంచి ముసలాయన నవ్వాడు.

“అది మన ఖాతాల బ్యాకప్ అబ్బాయిగారూ. ఖాతాలు అని పేరు పెడితే ఎవడో ఒకడు గెలికి చెరిపేస్తాడు. సెటప్ అని పెడితే ఏదో సాఫ్ట్‌వేర్ అనుకుని ఎవడూ ముట్టుకోడు. రాసుకోండి, పాస్‌వర్డ్ చెబుతాను.”